స్కాన్ రేటు అడిగే ముందు కోడ్ కనుక్కోండి

ప్రశ్న: మేం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. డాక్టరు నాకు పెల్విక్ అల్ట్రాసౌండ్ (పొత్తికడుపు స్కాన్) రాశారు. మా ఇన్సూరెన్స్ డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ వాళ్లు ఇవ్వడం మొదలుపెట్టే ముందు మేమే కట్టుకోవాల్సిన మొత్తం) 3,500 డాలర్లు, అందులో ఇంకా ఏమీ కట్టలేదు. ఒక హాస్పిటల్ వెబ్‌సైట్‌లో క్యాష్ ధర (ఇన్సూరెన్స్ వాడకుండా కట్టేది) 610 డాలర్లని, మరో హాస్పిటల్‌లో 280 అని ఉంది. ఇమేజింగ్ సెంటర్‌కి ఫోన్ చేస్తే 190 అన్నారు. తక్కువ ఉన్నచోటికి వెళ్లిపోవచ్చా?

జవాబు: వెళ్లొచ్చమ్మా. కానీ ఆ మూడూ ఒకే స్కాన్‌కి చెప్పిన ధరలేనా అన్నది ముందు తేల్చుకోండి. డాక్టర్ ఆఫీసుకి ఫోన్ చేసి ఆర్డర్‌లో ఏ బిల్లింగ్ కోడ్ రాశారో అడగండి. 76856 అంటే పొట్ట మీద నుంచి చేసే పూర్తి స్కాన్. 76830 అంటే ట్రాన్స్‌వజైనల్, అంటే యోని లోపలి నుంచి చేసేది. చాలాసార్లు రెండూ ఒకే పూట చేసేస్తారు, బిల్లులో మాత్రం రెండు లైన్లు పడతాయి. 190 అన్నవాళ్లు ఒక్కదానికే చెప్పి ఉండొచ్చు.

ఇంకో తిరకాసు రిపోర్టు ఫీజు. విజయవాడలో స్కానింగ్ సెంటర్ వాళ్లు చెప్పే రేటులో రిపోర్టు కూడా ఉంటుంది. ఇక్కడా అంతే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. హాస్పిటల్ ధర చాలాచోట్ల మెషీనుకీ గదికే. స్కాన్ చూసి రిపోర్టు రాసే డాక్టరు (రేడియాలజిస్ట్) బిల్లు తర్వాత విడిగా ఇంటికొస్తుంది. "రీడింగ్ ఫీజు కలిపేనా?" అని అందరినీ అడగండి.

హాస్పిటళ్లు 2021 జనవరి 1 నుంచి క్యాష్ ధరతో పాటు, ఒక్కో ఇన్సూరెన్స్ కంపెనీతో కుదుర్చుకున్న ధర కూడా బయటపెట్టాలి. మీ ప్లాన్ ధర కూడా వాళ్ల వెబ్‌సైట్‌లోనే చూడండి. ఒక్కోసారి దానికన్నా క్యాష్ ధరే తక్కువుంటుంది.

అసలు ఆలోచించాల్సింది డిడక్టిబుల్ గురించి. క్యాష్ కడితే ఆ డబ్బు సాధారణంగా డిడక్టిబుల్‌లో పడదు. ఈ ఏడాది సర్జరీ లాంటిదేదైనా ఉండొచ్చని డాక్టరు అంటే, వంద డాలర్లు ఎక్కువైనా ఇన్సూరెన్స్ ద్వారానే వెళ్లమంటాను. అలాంటిదేమీ లేకపోతే ఇమేజింగ్ సెంటరే నయం. హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా దాచుకునే ఖాతా) ఉంటే అందులోంచి కట్టొచ్చు.

క్యాష్ అనుకుంటే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఆ మాట చెప్పి, గుడ్ ఫెయిత్ ఎస్టిమేట్ (ఎంత ఖర్చవుతుందో ముందే ఇచ్చే అంచనా) రాతపూర్వకంగా అడగండి. ఇది 2022 నుంచి మీ హక్కు. ఒక సంస్థ బిల్లు తన ఎస్టిమేట్ కన్నా 400 డాలర్లో అంతకు మించో ఎక్కువొస్తే, బిల్లు అందిన 120 రోజుల్లో వివాదం వేయొచ్చు. స్కాన్ రోజున రిసెప్షన్‌లో అలవాటుగా ఇన్సూరెన్స్ కార్డు ఇచ్చేయకండి. క్లెయిమ్ వెళ్లాక మళ్లీ క్యాష్ ధరకి మార్పించుకోవడం పెద్ద టెన్షన్.