టెలోమియర్లు పొట్టిగా ఉంటే అల్జీమర్స్ వస్తుందా?

ప్రశ్న: నా వయసు 46. మా అమ్మకు 72వ ఏట అల్జీమర్స్ అని తేలింది. ఈమధ్య హెల్త్ ప్యాకేజీలో టెలోమియర్ పరీక్ష కూడా చేయించుకున్నాను. నా వయసు వాళ్లతో పోలిస్తే పొడవు తక్కువని రిపోర్టు వచ్చింది. నాకూ ఆ జబ్బు వస్తుందేమోనని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. టెలోమియర్లను పెంచే క్యాప్సూల్స్ ఉన్నాయంటున్నారు. వాడమంటారా?
- ఓ సోదరి, ఖమ్మం

జవాబు: క్యాప్సూల్స్ వద్దు. ఆ రిపోర్టును చూసి మీకు అల్జీమర్స్ వస్తుందని గానీ రాదని గానీ ఏ డాక్టరూ చెప్పలేరు.

క్రోమోజోముల చివర్లను కాపాడే డీఎన్‌ఏ భాగాలే టెలోమియర్లు. కణం విభజన చెందినప్పుడల్లా ఇవి కాస్త తరుగుతాయి. అందుకే వయసుతోపాటు అందరిలోనూ తగ్గుతాయి. అయితే మీకు కొలిచింది రక్తంలోని తెల్లకణాల్లో. జబ్బు వచ్చేదేమో మెదడులో. అక్కడి నాడీకణాలు దాదాపుగా విభజన చెందవు. కాబట్టి రక్తంలోని కొలతతో మెదడు ఎలా ఉందో నేరుగా తెలియదు.

అలాగని సంబంధమే లేదనడం లేదు. అల్జీమర్స్ ఉన్నవాళ్లలో సగటున టెలోమియర్లు పొట్టిగా ఉన్నట్టు చాలా అధ్యయనాల్లో కనిపించింది. కానీ నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో దాదాపు రెండు వేల మందిని ఏళ్ల తరబడి గమనిస్తే, మరీ పొట్టిగా ఉన్నవాళ్లలోనే కాదు, మరీ పొడవుగా ఉన్నవాళ్లలోనూ ముప్పు ఎక్కువగా కనిపించింది. పైగా ఇవన్నీ సగటు లెక్కలు. టెలోమియర్లు పొట్టిగా ఉన్నా జ్ఞాపకశక్తి చక్కగా ఉన్న పెద్దవాళ్లు ఎంతోమంది. కొలిచే పద్ధతి మారితే ఫలితమూ మారుతుంది.

క్యాప్సూల్స్ వద్దనడానికి గట్టి కారణమే ఉంది. అవి అల్జీమర్స్‌ను ఆపుతాయని మనుషుల్లో రుజువు కాలేదు. పుట్టుకతోనే టెలోమియర్లు పొడవుగా ఉండే జన్యు లక్షణాలున్న వారిలో కొన్ని క్యాన్సర్ల ముప్పు ఎక్కువ. టెలోమియర్లను పొడిగించే టెలోమరేజ్ ఎంజైమ్‌ను క్యాన్సర్ కణాల్లో అత్యధిక భాగం తమ పెరుగుదలకు వాడుకుంటాయి. అలాంటిదాన్ని ప్రకటన చూసి ఒంట్లో పెంచుకోవాలనుకోవడం నాకైతే భయం కలిగించే విషయం.

ఇక అమ్మ సంగతి. 65 దాటాక వచ్చిన అల్జీమర్స్ పిల్లలకు తప్పకుండా వస్తుందనేమీ లేదు, ముప్పు మిగతావారికంటే కొంత ఎక్కువ, అంతే. కుటుంబంలో ఇంకా చిన్న వయసులోనే పలువురికి వచ్చి ఉంటే మాత్రం న్యూరాలజిస్టుకు చెప్పండి.

మీరు ఖర్చు పెట్టాల్సింది బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలపై. వీటితో సహా 14 కారణాలను సరిదిద్దగలిగితే డిమెన్షియా (అల్జీమర్స్‌తో సహా జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే జబ్బులు) కేసుల్లో దాదాపు 45 శాతాన్ని నివారించవచ్చు లేదా వాయిదా వేయవచ్చని 2024లో లాన్సెట్ కమిషన్ (లాన్సెట్ అనే వైద్య పత్రిక ఏర్పాటుచేసిన నిపుణుల బృందం) అంచనా వేసింది. వాటిలో మనవాళ్లు అస్సలు పట్టించుకోనిది వినికిడి లోపం. టీవీ సౌండు పెంచుకుంటూ ఏళ్లు గడిపేస్తారు, హియరింగ్ ఎయిడ్ అంటే నామోషీ. మీకు ఏ కాస్త అనుమానం ఉన్నా చెవుల పరీక్ష చేయించుకోండి. రోజూ అరగంట వేగంగా నడవండి.

అమ్మ బాధ్యత మొత్తం మీ ఒక్కరి మీదే ఉంటే తోబుట్టువులతో మాట్లాడి పంచుకోండి. నిద్రలేమి, టెన్షన్ వల్ల కూడా మతిమరుపు వస్తుంది, దాన్ని అల్జీమర్స్ అనుకుని ఇంకా హడలిపోతుంటారు. రెండు వారాల్లో నిద్ర కుదుటపడకపోతే దగ్గర్లోని ఫిజీషియన్‌ను కలవండి. మతిమరుపు కూడా ఉంటే థైరాయిడ్, విటమిన్ బీ12 పరీక్షలు రాయమని అడగండి.