ఉచితంగా భూమి దొరికినా అమెరికా రైతు 1890లలో ఎందుకు తిరగబడ్డాడు?

మీ ప్రశ్న ఇది: 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద అమెరికా ప్రభుత్వం రైతుకు 160 ఎకరాలు ఉచితంగా ఇచ్చింది కదా, మరి ముప్పై ఏళ్లు తిరిగేసరికి ఆ రైతులే అప్పులపాలై సొంత పార్టీ ఎందుకు పెట్టుకున్నారు?

నేను పదకొండేళ్లుగా నెబ్రాస్కాలోని ఒమాహాలో ఉంటున్నాను. మాది పత్తి, మిరప పండించే కుటుంబం. నా జవాబులో సగం మా నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు అడిగిన రెండు ప్రశ్నల నుంచే పుట్టింది.

ఆయనను బియాట్రిస్ అనే ఊరి దగ్గరున్న హోమ్‌స్టెడ్ స్మారక ఉద్యానానికి తీసుకువెళ్లాను. ఈ చట్టం కింద మొట్టమొదట నమోదైన భూముల్లో ఒకటైన డేనియల్ ఫ్రీమన్ పొలం అదే. అక్కడ కార్లు నిలిపే స్థలాన్ని సరిగ్గా ఒక ఎకరం ఉండేలా కట్టారు. నాన్న దాని ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి వచ్చి, "దీనికి నూట అరవై రెట్లా? ఒక్క కుటుంబం ఎలా దున్నింది?" అన్నారు.

దున్నడమే మొదటి కష్టం. శతాబ్దాలుగా గడ్డి వేళ్లు అల్లుకుపోయిన నేల అది. దాన్ని చీల్చాలంటే ఉక్కు నాగలి కావాలి, బలమైన ఎద్దులు కావాలి. చెట్లు తక్కువ కాబట్టి ఇంటికి కలప ఉండదు. నేలనే పెళ్లలుగా కోసి గోడలు పేర్చుకున్నారు. బావి తవ్వాలి, కంచె వేయాలి, తొలి పంట చేతికి వచ్చేదాకా తినాలి. చట్టం ప్రకారం చెల్లించవలసిన రుసుములు మొత్తం 18 డాలర్లే. ఐదేళ్లు అక్కడే కాపురముండి సాగు చేస్తే పట్టా వస్తుంది. కానీ చట్టం ఇచ్చింది నేలను మాత్రమే. మిగతావన్నీ రైతు కొనుక్కోవాలి. చాలామంది అప్పు తెచ్చే కొన్నారు.

ఇక్కడే ఇంకో మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. బియాట్రిస్‌కు దక్షిణాన ఓటో-మిస్సూరియా అనే మూలవాసీ తెగకు ప్రభుత్వం కేటాయించిన భూమి (రిజర్వేషన్) ఉండేది. 1881లో వాళ్లను ఇప్పటి ఓక్లహోమాకు తరలించి, ఆ భూమిని వలస రైతులకు అమ్మారు. అలాగే అక్కడికి తరలించిన పోంకా తెగ నాయకుడు స్టాండింగ్ బేర్, చనిపోయిన కొడుకును సొంత నేలలో పాతిపెట్టాలని తిరిగి వస్తూ అరెస్టయ్యాడు. ఇండియన్ (అంటే అమెరికా మూలవాసి) కూడా చట్టం దృష్టిలో "మనిషే" అని 1879లో ఒమాహా న్యాయస్థానం తీర్పు చెప్పవలసి వచ్చింది. ఉచిత భూమి అని మనం అనేది ఇలాంటి ప్రజల దగ్గర తీసుకున్నదే.

సరే, నాన్న ప్రశ్నకు వస్తాను. 160 ఎకరాలు ఆయనకు ఎక్కువ అనిపించాయి, నిజానికి పశ్చిమాన అవి చాలలేదు. నెబ్రాస్కా మీదుగా పోయే వందో పశ్చిమ రేఖాంశం దాటి పడమటికి వెళ్తే ఏడాదికి 20 అంగుళాల వాన కూడా నమ్మకం లేదు. నాగలి వెంట వాన వస్తుందని ఆ రోజుల్లో భూముల ప్రచారకులు ఊదరగొట్టారు. ఆ ఎండిన నేలకు 160 ఎకరాల లెక్క పనికిరాదని పశ్చిమ ప్రాంతాలను సర్వే చేసిన జాన్ వెస్లీ పావెల్ 1878లోనే నివేదిక ఇచ్చినా ఎవరూ చెవిన పెట్టలేదు. పశ్చిమ నెబ్రాస్కాలో ఒక్కొక్కరికి 640 ఎకరాలు ఇచ్చే చట్టం 1904లో గానీ రాలేదు.

నాన్న రెండో ప్రశ్న తిరుగు ప్రయాణంలో, రైలు పట్టాల పక్కనున్న ధాన్యపు గిడ్డంగిని చూసి అడిగారు: "ధర ఎవరు చెప్పేవారు?" మార్కెట్ యార్డులో బస్తాలు దించిన తరువాతే ధర వినే మనిషి ఆయన. నా ఉద్దేశంలో మీ ప్రశ్నకు అసలు జవాబు ఇందులోనే ఉంది.

రైతు గోధుమ ధర షికాగోలో, లివర్‌పూల్‌లో తేలేది. అదే సంతకు రష్యా గోధుమ, అర్జెంటీనా గోధుమ, మన పంజాబ్ గోధుమ కూడా చేరుతున్నాయి. పంటను అక్కడికి చేర్చాలంటే దారి రైలు ఒక్కటే. రైల్వే కంపెనీలకు ప్రభుత్వం పట్టాల పొడవునా కోట్ల ఎకరాలు ధారపోసింది. ఆ కంపెనీలే యూరప్ దాకా ప్రకటనలు పంపి రైతులను రప్పించాయి, భూములు అమ్మాయి, తరువాత వాళ్ల పంటను మోశాయి. షికాగో, న్యూయార్క్ మధ్య పోటీ లైన్లు ఉండటంతో అక్కడ రవాణా చార్జీ తక్కువ. నెబ్రాస్కా పల్లెలో లైను ఒక్కటే, చార్జీ కంపెనీ చెప్పినంత.

దీనికి తోడు డబ్బు బిగుసుకుంది: సరుకు పెరిగినంతగా నగదు పెరగక ధరలు పడ్డాయి. ఇది అర్థం కాకపోతే 1890ల రాజకీయం అర్థం కాదు. గోధుమ బుషెల్ (సుమారు 27 కిలోలు) ఒక డాలరు పలికినప్పుడు రైతు 800 డాలర్లు అప్పు చేశాడనుకోండి. అంటే 800 బుషెల్లు బాకీ. 1890ల నడుమకు ధర దాదాపు సగానికి పడింది. ఇప్పుడు అదే అసలు తీరాలంటే 1,600 బుషెల్లు అమ్మాలి, వడ్డీ వేరు. రైతు సోమరి కాలేదు, దుబారా చేయలేదు. కాగితం మీద అంకె మారకుండానే అప్పు రెట్టింపయింది. బంగారంతో పాటు వెండి నాణేలు కూడా విరివిగా ముద్రించి డబ్బు పెంచాలని వాళ్లు పట్టుబట్టింది అందుకే. చాలా పుస్తకాలు దీన్ని వెర్రి కోరికగా తేల్చేస్తాయి. అప్పు ఎరిగిన ఇంట్లో పుట్టినవాడిగా నేను ఒప్పుకోను.

1892 జులై 4న ఒమాహాలో రైతులు పెట్టుకున్న ఆ పార్టీ, పాపులిస్టు పార్టీ, మహాసభ జరిగింది. రైల్వేలను ప్రభుత్వం తీసుకోవాలి, రాబడి పెరిగేకొద్దీ పెరిగే ఆదాయపు పన్ను వేయాలి, సెనేటర్లను ప్రజలే నేరుగా ఎన్నుకోవాలి అని ఆ సభ కోరింది. సరిగ్గా రెండు రోజులకు, జులై 6న, పెన్సిల్వేనియాలో కార్నెగీ ఉక్కు కర్మాగారం దగ్గర కార్మికులకూ, యాజమాన్యం రప్పించిన పింకర్టన్ అనే ప్రైవేటు సంస్థ సాయుధులకూ కాల్పులు జరిగి ఇరువైపులా ప్రాణాలు పోయాయి. ఆ ఊరి పేరు కూడా హోమ్‌స్టెడే. రైతూ కార్మికుడూ చేతులు కలుపుతారని ఎందరో ఆశపడ్డారు. ఆ ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో పాపులిస్టు అభ్యర్థి జేమ్స్ వీవర్‌కు పది లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. కానీ 1896 అధ్యక్ష ఎన్నికల్లో, వెండి నాణేలు కోరిన నెబ్రాస్కావాసి విలియం జెన్నింగ్స్ బ్రయన్‌ను డెమోక్రాట్లతో పాటు పాపులిస్టులూ నిలబెట్టినప్పుడు, పెద్ద పారిశ్రామిక నగరాలు రిపబ్లికన్ అభ్యర్థి మెకిన్లీ వైపే మొగ్గాయి. రైతుకు ధర పెరగాలి, కూలికి రొట్టె చవకగా దొరకాలి. ఆ చిక్కుముడి విప్పే మాట బ్రయన్ దగ్గర లేదు. అయినా ఆదాయపు పన్నుకు, సెనేటర్ల ప్రత్యక్ష ఎన్నికకు 1913లో రాజ్యాంగ సవరణలు వచ్చాయి.

మా పక్కింటి పెద్దాయన ముత్తాత బొహీమియా నుంచి వచ్చి కస్టర్ కౌంటీలో 160 ఎకరాలు పట్టా చేయించుకున్నాడు. బావి కోసం, ఎద్దుల కోసం తనఖా పెట్టాడు. 1894 జులైలో వేడిగాలులకు మొక్కజొన్న నిలువునా మాడింది. పొలం వదిలేసి దక్షిణ ఒమాహాలో మాంసం ప్యాకింగ్ పనికి చేరాడు.

నెబ్రాస్కా హోమ్‌స్టెడ్ దస్త్రాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో చూడవచ్చు. పట్టాకు ముందు ఇద్దరు సాక్షులు ఇచ్చిన వాంగ్మూలాలు చదవండి. ఇంటి కొలతలు, ఎన్ని కిటికీలు, బావి ఉందా, ఎన్ని ఎకరాలు దున్నాడు, అన్నీ ఉంటాయి. పెద్దాయన నాకు తన ముత్తాత దస్త్రం చూపించారు. మట్టి ఇల్లు, ఒక తలుపు, రెండు కిటికీలు, 45 ఎకరాలు సాగు. తనఖా సంగతి అందులో లేదు. దాని కోసం కౌంటీ కార్యాలయంలోని రిజిస్టర్లు తిరగేయాలి.