ఆయాకు ఒంట్లో బాగాలేకపోతే కేంద్రం నడిచేదెలా?

ప్రశ్న: దేవరకొండ వైపు ఒక తండాలో అంగన్‌వాడీ టీచర్‌గా పనిచేస్తున్నాను. మా ఆయాకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. లీవు అడిగితే "నీ బదులు ఎవరొస్తారు?" అన్నారట. నీరసంతోనే వచ్చి వంట చేస్తోంది. సెలవు ఆమె హక్కు కాదా? ఆమె రాని రోజు నేనొక్కదాన్నే ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

జవాబు: ముందుగా ఆమెను వంట నుంచి తప్పించండి. వాంతులు, విరేచనాలు పూర్తిగా తగ్గాక కూడా 48 గంటలు గడిచేదాకా ఆ మనిషి ఇతరులకు వండకూడదు, వడ్డించకూడదు. మీ కేంద్రంలో తినేది పిల్లలే కాదు, ఆరోగ్యలక్ష్మి పథకం కింద అన్నం, గుడ్డు, పాలు తీసుకునే గర్భిణులు, బాలింతలు కూడా. విరేచనాలు పసిపిల్లల ఒంట్లో నీటిని ఎంత త్వరగా లాగేస్తాయో మీకు తెలియంది కాదు.

సెలవు హక్కే. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లో టీచర్లకూ ఆయాలకూ ఏడాదికి 20 రోజుల సెలవు, వేతనంతో కూడిన 180 రోజుల ప్రసూతి సెలవు ఉన్నాయి. అయితే మీది గౌరవ వేతనపు కొలువు. అంగన్‌వాడీ కార్యకర్తలవి, అంటే మీలాంటి టీచర్లవి, ప్రభుత్వ సివిల్ పోస్టులు కావని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది; వారికీ ఆయాలకూ గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని అదే కోర్టు 2022లో తీర్పిచ్చింది. అంటే హక్కులు ఒక్కొక్కటిగా, అడిగి సాధించుకుంటేనే దక్కుతున్నాయి. 1975లో మొదలైన ఈ అంగన్‌వాడీల పథకంలో ఇప్పటికీ ఇద్దరు మనుషుల మీదే కేంద్రం నడవడం, ఒకరు మంచాన పడితే రెండోవారు పొయ్యినీ పిల్లల్నీ ఏకకాలంలో చూసుకోవాల్సి రావడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం. బదులు మనిషిని చూడవలసింది జబ్బుపడిన ఆయా కాదు, పైఅధికారులు.

ఆమె రాని రోజు ఉదయమే సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి, పక్క కేంద్రం ఆయాను వంట వరకైనా పంపమని అడగండి. ఎవరూ దొరకకపోతే పిల్లల్ని వదిలి పొయ్యి దగ్గరికి వెళ్లకండి. ఆ రోజు వంట కుదరలేదని సూపర్‌వైజర్‌కు రాతపూర్వకంగా తెలియజేయండి. ఆయా కూతుర్ని బడి మాన్పించి వంటకు పిలిచే అలవాటు కొన్నిచోట్ల ఉంది, దానికి మాత్రం ఒప్పుకోకండి.

సెలవు చీటీకి పీహెచ్‌సీలో ఇచ్చిన ఓపీ చీటీ జతచేసి, అందినట్టు సంతకం చేయించిన నకలు ఆయా దగ్గరే ఉంచండి. వచ్చే సెక్టార్ సమావేశంలో ఏ కేంద్రానికి ఏ కేంద్రం నుంచి మనిషి రావాలో ముందుగానే రాసిపెట్టమని మీ తోటి టీచర్లంతా కలిసి అడగండి.