పాత ఫోన్‌కి తాళం, పాత లాప్‌టాప్‌కి గడువు

ప్రశ్న: నాన్నగారి పాత ఆండ్రాయిడ్ ఫోన్ మా పిన్ని కూతురికిద్దామని బటన్లు నొక్కి రీసెట్ చేశాను. ఇప్పుడు ఆయన జీమెయిల్ పాస్‌వర్డ్ అడుగుతోంది, ఆయనకేమో గుర్తులేదు. షాపతను పార్టుల రేటుకైతే తీసుకుంటానన్నాడు. 2016లో కొన్న లాప్‌టాప్ కూడా మూలపడి ఉంది. రెండూ చెత్తేనా?
- ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: తొందరపడకండి. దొంగిలించిన ఫోన్ ఎవరికీ పనికిరాకుండా పెట్టిన తాళం అది, దొంగల సంగతేమో గానీ ఇంట్లోవాళ్లని మాత్రం బాగా ఏడిపిస్తోంది. సెట్టింగ్స్‌లో ముందు ఖాతా తీసేసి, తర్వాత రీసెట్ చేసుంటే ఈ గొడవ ఉండేది కాదు. ఇప్పుడు నాన్నగారు రోజూ వాడే ఫోన్‌లో, ఇంటి వైఫై మీదే, గూగుల్ అకౌంట్ రికవరీకి ప్రయత్నించండి. పాస్‌వర్డ్ మార్చిన వెంటనే తెరుచుకోకపోతే ఒకటి రెండు రోజులు ఆగండి.

లాప్‌టాప్‌ది వేరే కథ. విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ఆగిపోయింది, విండోస్ 11 ఏమో ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు 8వ తరం నుంచే అధికారికంగా ఒప్పుకుంటుంది, మీ 2016 లాప్‌టాప్ అంతకన్నా పాతది. మెషీన్ గట్టిగానే ఉన్నా సాఫ్ట్‌వేర్ వద్దంటోంది, నాకు ఒళ్లు మండేది అక్కడే! సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి తీసుకెళ్లి హార్డ్‌డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ (దానికన్నా వేగంగా పనిచేసే స్టోరేజ్) వేయించి, విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ ఎక్కించుకోండి, టైపింగ్‌కీ యూట్యూబ్ పాఠాలకీ హాయిగా చాలు. తీసిన డిస్క్ మాత్రం అక్కడ వదిలేయకండి, మీ ఫోటోలు, ఆధార్ కాపీలు అందులోనే ఉంటాయి. అన్నట్టు, టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టుంటే బ్యాటరీ ఉబ్బినట్టే, ఛార్జింగ్ పెట్టకుండానే తీసుకెళ్లండి.