బీరువా ముందు పావుగంట

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని. ఉదయం ఏడున్నర బస్సు అందుకోవాలి. బీరువాలో అరవైకి పైగా చీరలున్నా, ఏది కట్టుకోవాలో తేలక రోజూ పావుగంట గడిచిపోతోంది. కాలేజీ కోసం ఒకే తరహా నేత చీరలు నాలుగైదు కేటాయించుకుని, యూనిఫామ్‌లా కట్టుకోవాలనుకుంటున్నాను. తోటివారు ‘కట్టిందే కడుతోంది’ అనుకుంటారేమోనని సంకోచం. మీ సలహా ఏమిటి?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ఆలోచన మంచిదే కానీ నాలుగైదు చీరలతో అది సాగదు. పైగా మీరు చీరల సంగతే రాశారు. ఉదయం పూట సమయాన్ని మింగేసేది చాలావరకు జాకెట్టే. చీర తీశాక జాకెట్టుకు ఇస్త్రీ లేదని తెలుస్తుంది, ఇస్త్రీ ఉన్నది బిగుతైపోయి ఉంటుంది, రెండూ కుదిరితే లంగా రంగు కలవదు. అందువల్ల మీ యూనిఫామ్‌ను జాకెట్టుతో మొదలుపెట్టండి.

నలుపు, మెరూన్ రంగులు రెండూ చాలు. ఒక్కో రంగుకు ఒకే తానులోంచి గుడ్డ తీసుకుని, మీకు చక్కగా కుదిరిన ఆది జాకెట్టు ఇచ్చి, మూడేసి చొప్పున ఆరింటినీ ఒకేసారి కుట్టించుకోండి. నలుపే కదా అని విడివిడిగా కొంటే ఒక నలుపు పక్కన మరొకటి వెలిసినట్టు కనిపిస్తుంది. లంగాలు కూడా ఆ రెండు రంగుల్లోనే ఉంచుకోండి.

ఇక చీరలు. గంజి పెట్టిన నేత చీరను చలికాలంలో రెండుసార్లు కట్టుకోవచ్చు గానీ, మే నెల ఉక్కలో అది కుదరదు. వారానికి ఆరు రోజుల పని, ఇస్త్రీకి వెళ్లి రెండు రోజులకు గానీ తిరిగిరానివి రెండు, వెరసి ఎనిమిది అవసరం. ఒంట్లో ఏ డిజైనూ లేకుండా, జరీతో చిన్న గోపురాల వరుసలా నేసే నిజాం అంచు ఉండే మంగళగిరి నూలు చీర ఇందుకు చక్కగా సరిపోతుంది. ఒళ్లు సాదాగా ఉంటుంది కనుక బూడిద, ఆవపిండి, చిలకపచ్చ వంటి ఏ రంగైనా పై రెండు జాకెట్లలో ఒకదానికి తప్పక నప్పుతుంది. చీరతోపాటు వచ్చే జాకెట్టు ముక్కను మాత్రం కుట్టించకండి. కుట్టిస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది.

యాపిల్ సంస్థ స్థాపకుల్లో ఒకరైన స్టీవ్ జాబ్స్ మెడను కప్పే నల్లటి టర్టిల్‌నెక్‌ను, ఒబామా బూడిద, నీలం రంగుల సూట్లను ఎంచుకున్న సంగతి ఇలాంటి చోట తరచూ చెబుతుంటారు. వారికి గంజి పెట్టుకునే పని లేదు కనుక ఆ ఉదాహరణలు మనకు పెద్దగా ఉపకరించవు.

తోటివారి మాటకొస్తే, ఎనిమిది రంగులు మారుతుంటే కట్టిందే కట్టారని ఎవరూ అనలేరు. జాకెట్టు మారడం లేదన్న సంగతిని ముందు బెంచీ ఆడపిల్లలు మొదటి వారంలోనే కనిపెట్టి, రెండో వారానికి మరిచిపోతారు. రెండు ప్యాంట్లతో ఏడాదంతా నెట్టుకొచ్చే మగ లెక్చరర్లను ఎవరూ ఏమీ అడగరన్నది మీకు తెలియనిది కాదు.

కొనడానికి ముందు మూడు వారాలపాటు ఏ రోజు ఏ చీర కట్టారో, ఏది తీసి మళ్లీ లోపల పెట్టేశారో ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. ఆలోచించకుండా కట్టుకున్నవి ఆ అరవైలోనే నాలుగైదు తేలతాయి కనుక, తక్కువైన మూడు నాలుగింటినే కొనవలసి వస్తుంది. కొత్తవాటికి ఫాల్ కుట్టించే ముందు ఆ ఫాల్ గుడ్డను రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరబెట్టండి. లేకపోతే మొదటి ఉతుకుకే అది కుంచించుకుపోయి కుచ్చిళ్ల అంచు ముడతలు పడుతుంది.