మిక్సీలో రేకుల పిండి రుబ్బితే ‘కమర్షియల్’ అవుతుందా?

ప్రశ్న: మాది ఆత్రేయపురం. ఇంట్లోనే రేకులు తీసి, పూతరేకులు చుట్టి కొట్లకు వేస్తాం. ఏడు నెలల క్రితం రావులపాలెంలో 750 వాట్ల మిక్సీ రూ.4,200కు కొన్నాం. మోటారుకు రెండేళ్ల వారంటీ. రోజూ రెండు కిలోల నానబెట్టిన బియ్యం రుబ్బుతాం, పంచదార పొడి చేస్తాం. ఇంట్లో పచ్చళ్లకూ అదే. పోయిన నెల పొగ వచ్చి ఆగిపోయింది. సర్వీసు సెంటరులో జాబ్ షీటు మీద ‘కమర్షియల్ వాడకం’ అని రాసి, రూ.1,900 కట్టమంటున్నారు. ఇంటి వాడకమేనని రాసి కేసు వేయొచ్చా?

జవాబు: ఇంటి వాడకమేనని మాత్రం రాయొద్దండి. మీకు ఆ అబద్ధం అవసరమే లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పినా కేసు నిలబడుతుంది, అబద్ధం బయటపడితే మాత్రం మిగతా మాటలు కూడా నమ్మరు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(7) ప్రకారం వ్యాపారం కోసం కొన్నవారు వినియోగదారులు కారు. అయితే దాని కిందే ఒక వివరణ ఉంది. స్వయం ఉపాధితో బతకడానికి మాత్రమే కొని, తానే వాడుకునే వస్తువును వ్యాపార అవసరంగా లెక్కించరు. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు, బతుకుతెరువు కోసం ఆటో కొని తానే నడుపుకునేవాడు వినియోగదారుడేనని, సాయానికి ఒకరిద్దరు ఉన్నంత మాత్రాన ఆ హక్కు పోదని చెప్పింది. ఇంట్లోవాళ్లు చేయి వేస్తే మీకూ ఇబ్బంది లేదు. పదిమందిని కూలికి పెట్టుకుని నాలుగు మిక్సీలు తిప్పిస్తుంటే మాట వేరు. అందుకే ఫిర్యాదులో “ఈ పనే మా జీవనాధారం, మిక్సీ నేనే వాడతాను” అన్న వాక్యం తప్పక ఉండాలి.

మీరు వినియోగదారులా కాదా అన్నది ఒకటి, వారంటీ వర్తిస్తుందా అన్నది మరొకటి. కార్డు మీద ‘గృహావసరాలకు మాత్రమే’ అని అచ్చయి ఉంటే కంపెనీ దాన్నే పట్టుకుంటుంది. అప్పుడు తేలాల్సింది మోటారు ఎందుకు కాలిందన్నది.

ఎన్ని నిమిషాలు తిప్పి ఎన్ని నిమిషాలు ఆపాలో మిక్సీతో వచ్చిన పుస్తకంలో చూడండి. మీరు వాయికి ఎంత బియ్యం, ఎన్ని నీళ్లు వేస్తారు, ఎంతసేపు తిప్పుతారు, వాయికీ వాయికీ మధ్య ఎంతసేపు ఆపుతారు అన్నది ఇప్పుడే కాగితం మీద పెట్టండి. రేకుల పిండి పల్చగా ఉంటుంది, మోటారు మీద పెద్ద బరువు పడదు. ఈ మాట మీకు పనికొస్తుంది. చిక్కల్లా పంచదారతోనే. తడికి కరిగి జార్ బుష్‌లోకి (బ్లేడు ఇరుసు తిరిగే గొట్టంలోకి) దిగి గట్టిపడితే బ్లేడు బిగుసుకుంటుంది, ఆ భారమంతా మోటారు మోయాలి. జార్ బోర్లించి అడుగున ఉన్న కప్లర్‌ను (మోటారుతో కలిసే చక్రాన్ని) చేత్తో తిప్పండి. సులువుగా తిరుగుతుంటే వీడియో తీసి ఉంచుకోండి.

ఇంకోటి. మీ మిక్సీ అడుగున ఓవర్‌లోడ్ స్విచ్ (చాలావాటికి ఎర్ర బటన్) ఉందా, పొగ రాకముందు అది పడిందా? భారం ఎక్కువైతే కరెంటు ఆపడానికే అది ఉన్నది. అది పడకుండానే మోటారు కాలిందంటే, మీరు అతిగా వాడారన్న వాదన కంపెనీకే ఎదురు తిరుగుతుంది. నా దృష్టిలో మీ కేసుకు అసలు బలం ఇదే.

కాబట్టి మిక్సీని బయటి మెకానిక్ చేత విప్పించకండి. ‘సీలు తీశారు’ అంటారు. పని ఆగిపోయి, సర్వీసు సెంటరులోనే బాగుచేయించక తప్పకపోతే, ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని బిల్లు మీద రాసి, కాలిన ఆర్మేచర్, ఫీల్డ్ కాయిల్ (మోటారులోని తీగచుట్టల భాగాలు) వెనక్కి తీసుకోండి. లోపం మామూలుగా తేలకపోతే అదే చట్టంలోని సెక్షన్ 38 కింద వినియోగదారుల కమిషన్ వస్తువును ల్యాబుకు పంపుతుంది. ఆ రుసుం ముందుగా మీరే కట్టాలి.

మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. తర్వాత కొట్టుకూ కంపెనీకీ విడివిడిగా స్పీడ్ పోస్టులో నోటీసు ఇచ్చి, 15 రోజులు గడువు పెట్టండి. స్పందన లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఇద్దరి మీదా ఫిర్యాదు వేయండి. కంపెనీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా సరే, సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోటే వేయవచ్చు. ఈ ధరకు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లో వేయడానికి ఈ-జాగృతి పోర్టల్ ఉంది. వివాదం మొదలైన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి.

కోరిక మితంగా ఉండాలి. కొత్త మిక్సీ గానీ వడ్డీతో రూ.4,200 గానీ ఇప్పించమని, దాంతోపాటు పరిహారం, ఖర్చులు అడగండి. ఆగిపోయిన పూతరేకుల లాభమంటూ పెద్ద లెక్క వేస్తే ‘చూశారా, వ్యాపారమే’ అనే అవకాశం మీరే ఇచ్చినట్టవుతుంది. బిల్లు, వారంటీ కార్డు, జాబ్ షీటు మూడింటికీ జిరాక్సులు జతచేయండి, అసలు కాగితాలు మీ దగ్గరే ఉండనివ్వండి.