ఇంట్లో ఎంత ఉందో పిల్లలకు చెప్పొచ్చా?

ప్రశ్న అడిగినాయన రాసింది ఇది: "భార్యాభర్తలం ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. హైదరాబాదులో రెండు ఫ్లాట్లు, ఊళ్ళో కొంత పొలం ఉన్నాయి. ఇంత ఉందని తెలిస్తే పిల్లలు చదువు మీద శ్రద్ధ పెట్టరేమోనని భయం. డబ్బు విషయంలో బాధ్యతగా పెరగాలంటే ఏం చేయాలి?"

చెప్పేయండి. ఉన్నది చెప్పండి, దాని మీద అప్పు ఎంతుందో కూడా చెప్పండి. పాకెట్ మనీ నెలకి ఎంతివ్వాలి, హుండీలో వేయించాలా, బ్యాంకులో వేయించాలా అన్నవి తర్వాత సంగతి. పదేళ్ళు నిండిన పిల్లలు సేవింగ్స్ ఖాతాని సొంతంగా నడపడానికి రిజర్వ్ బ్యాంకు ఎప్పుడో ఒప్పుకుంది. ఇంటి లెక్క తెలియని పిల్లాడికి ఆ పాస్‌బుక్ ఒక ఆటవస్తువు, అంతే.

అయినా మీరు దాస్తున్నాననుకుంటున్నారు గానీ, పిల్లలకు ఏదీ తెలియదనుకోకండి. మా అపార్ట్‌మెంట్‌లో ఎవర్ని అడిగినా "మనం మిడిల్ క్లాసండీ" అంటారు. మూడు ఫ్లాట్లున్నవాళ్ళూ అంటారు, ముప్ఫై ఎకరాలున్నవాళ్ళూ అంటారు. పిల్లాడు బొమ్మ అడిగితే "డబ్బుల్లేవు నాన్నా", అదే వారం హాల్లోకి గోడంత టీవీ. వాడు చూడడా? కోకాపేటలో 2023 వేలంలో ఎకరం వంద కోట్లు దాటిందని పెద్దవాళ్ళ కంటే ముందు ఫోన్లో చదివేది వాళ్ళే. ఆ పక్క మండలంలో తాతగారికి ఎన్ని ఎకరాలుందో తెలిసిన కుర్రాడు మనసులో గుణించుకోడా? భూమి ధర వాళ్ళకు తెలుస్తుంది. ఆ భూమి మీద తీసుకున్న అప్పు, తాతగారి నలుగురు వారసులు, నడుస్తున్న కోర్టు వ్యవహారం మాత్రం తెలియవు. సగం తెలియడమే ప్రమాదం.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేనూ మా తమ్ముడూ ఒకే ఇంట్లో రెండు రకాలుగా పెరిగాం.

మాది దుగ్గిరాల దగ్గర పల్లె. పసుపు, వరి. పసుపంటే తొమ్మిది నెలల పంట. తవ్వాలి, వండాలి, ఎండబెట్టాలి, రుద్దాలి, అప్పుడు కొమ్ములు వేరు, కాయలు వేరు చేసి మార్కెట్ యార్డుకి తోలాలి. డబ్బు కంటికి కనిపించేది ఏడాదికి ఒక్కసారి. మిగతా రోజులన్నీ పంట అమ్మిపెట్టే కమీషన్ కొట్టు దగ్గర ముందుగా తెచ్చుకున్న డబ్బుతో గడవాల్సిందే. ఎనభైల మొదట్లో మా తాతయ్య కళ్ళకి శుక్లాలొచ్చాయి. ఆపరేషన్ అంటే భయం ఆయనకి. నా రాత గుండ్రంగా ఉంటుందని పద్దుల పుస్తకం నా చేతిలో పెట్టాడు. ఆడపిల్లకు లెక్కలు నేర్పాలన్న ఆదర్శమేమీ లేదు అందులో, నాన్న పొలం నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది, మరి రాసేదెవరు?

ఒకరోజు పక్కవీధి నుంచి వరసకు పెద్దనాన్న అయ్యే రైతు వచ్చాడు. కూతురి పెళ్ళికి మా దగ్గర నాలుగు వేలు తీసుకుని ప్రోనోటు రాసిచ్చాడు. నూటికి నెలకి రూపాయిన్నర వడ్డీ. మూడేళ్ళు నిండిపోవస్తున్నాయి. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా, ప్రోనోటుకి మూడేళ్ళే ప్రాణం. ఈలోగా బాకీదారు ఎంతోకొంత కట్టి నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే అక్కణ్ణుంచి మళ్ళీ మూడేళ్ళు. లేకపోతే నోటు మురిగిపోతుంది, కోర్టులో పనికిరాదు. అంతకుముందు రెండేళ్ళూ ఆయనకి పంట సరిగ్గా చేతికి రాలేదు. మా బాబాయి అప్పటికే "దావా వేద్దాం" అని నాలుగు రోజులుగా గోల చేస్తున్నాడు.

పెద్దనాన్న వచ్చి అరుగు మీద, కూర్చోమన్నా కూర్చోకుండా, స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"లెక్క కట్టమ్మా" అన్నాడు తాతయ్య నాతో.

నెలకి 60, ఏడాదికి 720, మూడేళ్ళకి 2,160. అసలుతో కలిపి 6,160 అని బళ్ళో ఎక్కాలు అప్పజెప్పినట్టు గట్టిగా చదివాను. పెద్దనాన్న తలెత్తలేదు. కండువాతో మొహం తుడుచుకున్నాడు. బాబాయి గొంతు సవరించుకుని ఏదో అనబోయాడు.

తాతయ్య చెయ్యెత్తి ఆపాడు. "ఇప్పుడు నాలుగు కాగితాలు వెనక్కి తిప్పు. కొట్టువాళ్ళ పద్దు చదువు."

"అదెందుకు తాతయ్యా?"

"చదవమన్నానుగా."

చదివాను. కమీషన్ కొట్టుకి మేం ఇవ్వాల్సిన బాకీ 22,400 రూపాయలు.

వంటింట్లోంచి నాయనమ్మ గరిటెతో సహా బయటికొచ్చింది. "ఇంటి గుట్టు వీధిలో పెడతారా? అదీ పిల్ల చేత చదివించి!"

"పిల్లకి తెలియకుండా ఎవరికి తెలియాలి? వీడు మనకి బాకీ, మనం కొట్టుకి బాకీ. వీడి పద్దు పైకి చదివినప్పుడు మన పద్దు కూడా పైకే చదవాలి" అన్నాడు తాతయ్య, అరవకుండానే. బాబాయి లేచి దొడ్లోకి వెళ్ళిపోయాడు.

పెద్దనాన్న అప్పుడు నవ్వాడు. "అయితే నాకన్నా పెద్ద బాకీదారువి నువ్వే బాబాయ్" అని అరుగు మీద కూర్చున్నాడు, నాయనమ్మ విసుక్కుంటూనే మజ్జిగ ఇచ్చింది. నడుముకు చుట్టుకున్న సంచిలోంచి వంద రూపాయలు తీసిచ్చాడు. నోటు వెనక చెల్లు నేనే రాశాను, ఆయన సంతకం పెట్టాడు. తర్వాత రెండు పంటలకి బాకీ తీరింది. వడ్డీ కొంత తాతయ్య వదిలేశాడు, అది కూడా పద్దులో రాయించాడు, "వదిలిన వడ్డీ" అని విడిగా.

అప్పటిదాకా మేం ఆ వీధిలోకెల్లా కలిగినవాళ్ళం అనుకునేదాన్ని. డాబా మాదే, రెండు జతల ఎడ్లు మావే. కలిగినవాళ్ళమే, అబద్ధం కాదు. కానీ కలిమి అంతా నేలలో ఉంది, చేతిలో ఉన్నది పరాయి డబ్బు. ఆ తేడా ఎవరూ నీతి బోధించకుండానే పన్నెండేళ్ళ పిల్లకి అర్థమైంది. దానివల్ల నేనేమీ బుద్ధిమంతురాలినై పట్టు పరికిణీ అడగడం మానేయలేదు. ఎప్పుడు అడగాలో తెలుసుకున్నాను. కొమ్ములు అమ్ముడై, కొట్టువాళ్ళు తమ బాకీ పట్టుకున్నాక ఏమైనా మిగిలితే ఆ సాయంత్రం అడిగేదాన్ని. దొరికేది కూడా.

తమ్ముడి కథ వేరు. వాడు పెద్దయ్యేసరికి తాతయ్య లేడు, పెత్తనం నాన్నది. నాన్న మంచివాడే గానీ, "మగపిల్లాడు, చదువుకోవాలి, ఈ గోల వాడి చెవిన వేయకండి" అనే రకం. హాస్టల్లో చేర్చాడు. అడిగినప్పుడల్లా డబ్బు పంపాడు, ఎక్కడ తెచ్చాడో చెప్పలేదు. చుట్టాలేమో "నీకేంట్రా, వెనకాల ఆస్తి ఉంది" అంటూ పెంచారు. ఎంతో తెలియని ఆస్తికి పిల్లల మనసులో హద్దు ఉండదు. 1994లో కోస్తా అంతా రొయ్యల మోజు. వాడు స్నేహితులతో కలిసి నిజాంపట్నం వైపు చెరువులు లీజుకు తీసుకుని టైగర్ రొయ్య వేశాడు. ఆ ఏడే తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులకు చెరువులు తుడిచిపెట్టుకుపోయాయి. వైరస్ రావడం వాడి తప్పు కాదు. చేతులు కాల్చుకున్న తెలివైనవాళ్ళు వందలమంది. కానీ మొదటి చెరువు పోయాక ఇంకో రెండు చెరువులకు అప్పు తేవడం ఉంది చూశారూ, అది "వెనకాల ఉందిలే" అన్న ధీమా. అప్పటికే పొలం బ్యాంకులో కుదువలో ఉందని వాడికి తెలిసింది కాలవ కింద ఎకరంన్నర అమ్మకానికి పెట్టినప్పుడు. "నాకెందుకు చెప్పలేదు నాన్నా?" అని వాడు అడిగితే నాన్న దగ్గర జవాబు లేదు.

ఇక్కడొక మాట చెప్పకుండా ఉండలేను. మన ఇళ్ళలో మగపిల్లలకు ఆస్తి ఉందని చెబుతారు, లెక్క చెప్పరు. ఆడపిల్లలకు బంగారం చూపిస్తారు, ఆస్తి ఊసెత్తరు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే, దేశమంతటా చట్టం మారిన 2005 కంటే ఇరవై ఏళ్ళ ముందే, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది. ఆ తర్వాత పెళ్ళైన నా స్నేహితురాళ్ళలో చాలామందికి ఈ సంగతి సంతకాలు పెట్టించుకునే రోజున తెలిసింది. కూతురికి లెక్క చెబితే వాటా అడుగుతుందేమోనని భయం. పిల్లల్ని బాధ్యతగా పెంచడం గురించి మాట్లాడేవాళ్ళు ముందు దీనికి సమాధానం చెప్పాలి.

మానసిక శాస్త్రం అంటారా? పిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, ఆగితే ఇంకోటి ఇస్తామన్న స్టాన్‌ఫర్డ్ ప్రయోగం మీరూ వినుంటారు. ఆగిన పిల్లలు జీవితంలో పైకొస్తారని దాన్ని పట్టుకుని ఎన్ని ఉపన్యాసాలో. 2018లో ఇంకా ఎక్కువమంది పిల్లలతో లెక్క చూస్తే, ఇంటి పరిస్థితుల్ని కూడా కలుపుకున్నాక ఆ ప్రభావం చాలావరకు తగ్గిపోయింది. నాకు నచ్చింది రోచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు చేసింది. ముందు బొమ్మలేయడానికి మంచి రంగులు తెస్తానని చెప్పి తెచ్చిన పెద్దమనిషి దగ్గర పిల్లలు అదే మిఠాయి ముందు సగటున 12 నిమిషాలు ఆగారట. తెస్తానని తేని మనిషి దగ్గర 3 నిమిషాలే. చిన్న ప్రయోగమే, 28 మంది పిల్లలతో చేసింది. నాకైతే అది చాలు. ఇంట్లో డబ్బు గురించి అబద్ధం చెప్పే తల్లిదండ్రుల పిల్లలకు ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది?

మా పిల్లలకు నేను చేసింది ఇంతే. ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు అమ్మాయిని కూర్చోబెట్టి ఇంటి లోను కాగితం చూపించాను. ముప్ఫై లక్షలు, తొమ్మిది శాతం, ఇరవై ఏళ్ళు. నెలకి 26,992 కడితే మొదటి నెల అందులో 22,500 వడ్డీకే పోతుంది. "అంటే ఈ ఇల్లు మనది కాదు, బ్యాంకుదే కదమ్మా!" అంది. తర్వాత అది పెద్ద తలనొప్పైంది. వాళ్ళ నాన్న ఆదివారం బిర్యానీ ఆర్డర్ పెడితే "ఇది అసల్లోంచా, వడ్డీలోంచా?" అని నిలదీసేది. రెండేళ్ళ తర్వాత అబ్బాయికీ అదే కాగితం చూపించాను. వాడు శ్రద్ధగా విని, "సరే అయితే, షూస్ వచ్చే నెల కొందాం" అన్నాడు. ఒక్కో పిల్లాడి మీద ఒక్కోలా పనిచేస్తుంది. వాడిప్పటికీ ఖర్చు మనిషే. కానీ క్రెడిట్ కార్డు బాకీ ఎంతుందో అడిగితే దాచకుండా చెబుతాడు, నాకది చాలు.

ఇక ఆస్తి గుట్టుగా దాచుకునేవాళ్ళ సంగతి. పదేళ్ళపాటు ఎవరూ కదపని బ్యాంకు డిపాజిట్లు రిజర్వ్ బ్యాంకు నిధికి వెళ్ళిపోతాయి. అలాంటివి వెతుక్కోవడానికి 2023 ఆగస్టులో ఉద్గమ్ అని ఒక పోర్టలే పెట్టాల్సి వచ్చింది. ఆ డబ్బులో కొంతైనా "పిల్లలకు చెబితే చెడిపోతారు" అనుకుని పోయినవాళ్ళదే అయ్యుంటుందని నా నమ్మకం. మా దూరపు బంధువు ఒకాయన పోయాక బీరువా తాళం, బాండ్ల ఫైలు కోసం పిల్లలు నెలల తరబడి వెతికారు. ఆయనకి ప్రతి పైసా లెక్కుంది, ఆయన బుర్రలో.

కాబట్టి అడిగినాయనకి నా జవాబు: ఒక ఆదివారం కాగితాలన్నీ బల్ల మీద పరిచి పిల్లల్ని పిలవండి. ఎనిమిదేళ్ళ పిల్లకు కరెంటు బిల్లు చాలు, పదిహేనేళ్ళ కుర్రాడికి పొలం, లోను, మీ జీతం అన్నీ చెప్పొచ్చు. బయట చెప్పకూడదని వాళ్ళకూ తెలుసు, మనకంటే గుట్టుగానే ఉంటారు. ఒకటే షరతు, మీ ఆవిడకు తెలియని చేబదుళ్ళు, షేర్లు ఏమైనా ఉంటే ముందు ఆవిడకు చెప్పండి. నేను ఈ సలహా ఇచ్చిన ఇళ్ళలో ఎక్కువ భాగం ఆగిపోయింది అక్కడే, పిల్లల దగ్గర కాదు.